న్యూట్రాన్ యంత్రాలు: దేశాల ఉమ్మడి ఖాతాలో మన పిల్లల వంతు



ఈ సంచికలో విజ్ఞాన పాఠం రాసే వంతు నాకు వచ్చింది. నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. ఫిజిక్సు నా సబ్జెక్టు కాదు. అయినా ఈ విషయమే తీసుకోవడానికి కారణం చెబుతాను. ఈసారి స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూస్తున్నప్పుడు, బి.యస్సీ. ఫిజిక్సులో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయిని ఇక ఎమ్మెస్సీకి పంపబోమని ఆమె తల్లి చెప్పింది. డబ్బు ఒక్కటే కారణం కాదు. "ఆ చదువుకు పెద్ద పెద్ద మిషన్లు కావాలంట అన్నా. అవన్నీ ఫారిన్లో ఉంటాయంట. ధర్మపురి పిల్లను అక్కడ ఎవరు ముట్టుకోనిస్తారు?" అని అడిగింది.

అది న్యాయమైన ప్రశ్న. ఫిజిక్సులోని సూత్రాలు నాకు అంతగా తెలియకపోయినా, ఒక ఆస్తి ఎవరిది, దానిలో ఎవరి వాటా ఎంత, ఎవరికి ఎప్పుడు వంతు వస్తుంది అన్న లెక్కలు మాత్రం నాకు అలవాటే. ఈ ప్రశ్నకు జవాబు ఎక్కువ భాగం ఆ లెక్కల్లోనే ఉంది. ఉదాహరణకు న్యూట్రాన్ యంత్రాలను తీసుకుంటున్నాను.

న్యూట్రాన్ అంటే ఏమిటి, దానితో ఏం పని

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుందని, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ప్రోటాన్‌కు ధన విద్యుదావేశం ఉంది, న్యూట్రాన్‌కు ఏ ఆవేశమూ లేదు. దాని ఉపయోగమంతా అక్కడే ఉంది. సంతరోజున ఊరందరికీ తెలిసిన మనిషి బజారు ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలంటే అడుగడుగునా ఎవరో ఒకరు పలకరించి ఆపుతారు. ఎవరికీ తెలియని మనిషి నేరుగా దాటిపోతాడు. ఆవేశం ఉన్న కణాలు మొదటి మనిషివంటివి, లోహంలోకి కొంచెం దూరం వెళ్ళగానే ఆగిపోతాయి. న్యూట్రాన్ రెండో మనిషి. కొన్ని సెంటీమీటర్ల మందమున్న ఇనుములోకి కూడా వెళ్ళి, లోపల పరమాణువులు ఎలా పేర్చి ఉన్నాయో ఆ సమాచారం పట్టుకుని బయటికి వస్తుంది.

ఎక్స్‌రే ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఎక్స్‌రే ఎలక్ట్రాన్లను చూస్తుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉన్న సీసంవంటి మూలకం దానికి బాగా కనిపిస్తుంది, ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ దాదాపు కనిపించదు. న్యూట్రాన్ నేరుగా కేంద్రకాన్ని చూస్తుంది కాబట్టి దానికి హైడ్రోజన్, లిథియం వంటి తేలికపాటి మూలకాలు కూడా చక్కగా కనిపిస్తాయి. మందులు, ప్లాస్టిక్కులు, జీవకణంలోని ప్రోటీన్లు అన్నిటిలో హైడ్రోజన్ ఉంది. సెల్‌ఫోన్ బ్యాటరీలో లిథియం ఉంది. పైగా న్యూట్రాన్ తానే ఒక చిన్న అయస్కాంతం. అందువల్ల పదార్థాల్లోని అయస్కాంత గుణాన్ని పరిశీలించడానికి దాన్ని మించిన సాధనం లేదని చదువుకున్నవారు చెబుతారు.

మామూలు ఉష్ణోగ్రతకు చల్లబరచిన న్యూట్రాన్ సెకనుకు సుమారు 2200 మీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో దాని తరంగదైర్ఘ్యం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు. ఘనపదార్థంలో పరమాణువుల మధ్య ఎడం కూడా దాదాపు అంతే. కొలవవలసిన వస్తువుకు తగిన కొలబద్ద ప్రకృతే సిద్ధం చేసిపెట్టినట్టుంది.

అయితే ఒక చిక్కు ఉంది. న్యూట్రాన్లను సీసాలో నింపి పార్సిల్ చేయలేము. కేంద్రకం నుంచి విడిపడిన న్యూట్రాన్ సగటు ఆయుష్షు సుమారు 15 నిమిషాలే. అది పుట్టినచోటికే మనం వెళ్ళాలి. పుట్టించే యంత్రం ఎక్కడ ఉంటే అక్కడే పరిశోధన. ప్రపంచ దేశాలు ఈ విషయంలో చేతులు కలపవలసి రావడానికి మొదటి కారణం ఇదే.

మొదటి రోజునుంచే పలు దేశాల పని

న్యూట్రాన్‌ను 1932లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జేమ్స్ చాడ్విక్ కనుగొన్నాడు. 1935లో నోబెల్ బహుమతి ఆయన ఒక్కరికే వచ్చింది. కాని ఆ పనిలో ఎన్ని దేశాల చేతులున్నాయో చూడండి. బెరీలియం మీద పొలోనియం కిరణాలు పడితే ఒక వింత కిరణం వెలువడుతోందని 1930లో జర్మనీలో బోతే, బెకర్ గమనించారు. ఆ కిరణం మైనపు దిమ్మనుంచి ప్రోటాన్లను తన్ని బయటికి పంపుతోందని 1932 జనవరిలో పారిస్‌లో జోలియో-క్యూరీ దంపతులు ప్రకటించారు. ఆ వార్త చదివిన చాడ్విక్ కొద్ది వారాల్లో ప్రయోగం చేసి అది కిరణం కాదు, ఆవేశం లేని కణం అని తేల్చాడు. ఆయన వాడిన పొలోనియం ఎక్కడిదనుకుంటున్నారు? అమెరికాలో బాల్టిమోర్ నగరపు ఆసుపత్రిలో వైద్యానికి వాడేసి పక్కన పెట్టిన రేడాన్ గొట్టాలనుంచి తీసినది. ఆయన సహచరుడు నార్మన్ ఫెదర్ అక్కడ ఒక సంవత్సరం పనిచేసినప్పుడు అడిగి సంపాదించినది. ఆసుపత్రివారికి పనికిరాని గొట్టాలు, అడిగి తెచ్చుకున్నవాడికి న్యూట్రాన్‌ను చూపించాయి!

ఆ ప్రయోగం మొత్తం ఒక బల్లమీద సరిపోయింది. ఇప్పుడు అదే న్యూట్రాన్లు ధారగా కావాలంటే ఒక చిన్న ఊరంత స్థలం కావాలి.

ఆ చాడ్విక్ దగ్గర పనిచేసిన తెలుగువారు ఒకరున్నారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు చేశారు. యోగం, వేదాంతం గురించి ఉపన్యాసాలివ్వడానికి జర్మనీకి వెళ్ళి, అక్కడ భౌతికశాస్త్రం వైపు మళ్ళారు. ప్రాగ్ నగరంలో ఎక్స్‌రేల మీద పరిశోధన చేశారు. ఆ తర్వాత ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాలను కొలిచే పని చేశారు. అమెరికా కూడా వెళ్ళి, 1947లో దేశానికి తిరిగివచ్చారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన న్యూక్లియర్ ఫిజిక్సు ప్రయోగశాల విశాఖపట్నంలో ఆయన పేరుతోనే ఉంది. ఉపన్యాసాలివ్వడానికి వెళ్ళినవారు నడివయసులో తిరిగి విద్యార్థి అయి, నాలుగు దేశాల ప్రయోగశాలల్లో నేర్చుకున్నది తెచ్చి విశాఖలో పెట్టారు. ఇరవై రెండేళ్ళకే "ఇంక ఏం చదువులే" అనే పిల్లలు ఈయన సంగతి ఒకసారి తలచుకుంటే బాగుంటుంది.

ట్రాంబే, కెనడా, ఒక తెగిపోయిన ఒప్పందం

మన దేశంలో మొదటి రియాక్టర్ అప్సర, ముంబయి దగ్గర ట్రాంబేలో 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టింది. నిర్మాణం మనవారిది, యురేనియం ఇంధనం బ్రిటన్‌ది. దాని తర్వాత 1960లో సైరస్ వచ్చింది. 40 మెగావాట్ల ఈ రియాక్టర్‌ను కెనడా కొలంబో పథకం కింద ఇచ్చింది. అందులో పోసిన భారజలం అమెరికా ఇచ్చింది. పేరులోనే ఆ రెండు దేశాల పేర్లూ కలిసి ఉన్నాయి.

యంత్రం రావడానికి ముందే మనుషులు వెళ్ళారు. పి.కె. అయ్యంగార్ అనే యువ శాస్త్రవేత్త 1956లో కెనడాలోని చాక్ రివర్‌కు వెళ్ళి బెర్ట్రమ్ బ్రాక్‌హౌస్ దగ్గర పనిచేశారు. జెర్మేనియం స్ఫటికంలో పరమాణువులు ఎలా కంపిస్తాయో న్యూట్రాన్లతో కొలిచారు. ఆ పద్ధతిని కనిపెట్టినందుకు బ్రాక్‌హౌస్‌కు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది. అయ్యంగార్ తిరిగివచ్చి ట్రాంబేలో స్పెక్ట్రోమీటర్లు కట్టించారు. తర్వాత అణుశక్తి కమిషన్ అధ్యక్షులయ్యారు. 1960లలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తోడ్పాటుతో ట్రాంబేలో తయారైన న్యూట్రాన్ స్పెక్ట్రోమీటర్ ఒకటి ఫిలిప్పీన్స్‌కు వెళ్ళింది. దాని మీద ఆసియా దేశాల యువకులు శిక్షణ పొందారు. కెనడాలో నేర్చుకున్న విద్య పదేళ్ళు తిరక్కుండా మనం మరొకరికి నేర్పాము.

ఇక చేదు సంగతి. 1974లో రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో జరిపిన అణు పరీక్షకు కావలసిన ప్లుటోనియం సైరస్ నుంచే వచ్చింది. శాంతియుత ప్రయోజనాలకే ఇచ్చాము, మాట తప్పారు అని కెనడా అన్నది. ఇది శాంతియుత పరీక్షే అని మన ప్రభుత్వం అన్నది. కెనడా అణు సహకారం ఆపేసింది. ఎవరిది న్యాయం అనే వాదనలోకి నేను దిగను. బ్యాంకులో పనిచేసినవాడిగా ఒక్కటి చెప్పగలను. అప్పు పత్రంలోని ఒక మాటను ఇచ్చినవాడు ఒకరకంగా, పుచ్చుకున్నవాడు ఇంకోరకంగా చదువుకుంటే ఎంత పాత ఖాతా అయినా నిలవదు. దేశాల మధ్య ఈ రోజుకీ అదే జరుగుతోంది. యుక్రెయిన్ యుద్ధం కారణంగా యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల రష్యాతో ఉన్న ఒప్పందాన్ని 2024 నవంబరుతో ముగించింది.

అయితే 1974లో యంత్రాల సరఫరా ఆగింది కాని మనవారు నేర్చుకున్న విద్య ఆగలేదు. సైరస్ 2010 డిసెంబరు 31 దాకా పనిచేసింది. ఈలోగా 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్‌ను మన ఇంజనీర్లే పూర్తిగా కట్టారు. అది 1985 ఆగస్టులో మొదలైంది. దేశంలోని న్యూట్రాన్ పరిశోధన ఇప్పటికీ ముఖ్యంగా దాని చుట్టూనే నడుస్తోంది.

ఉమ్మడి ఖాతా నడిచే తీరు

ఇక నాకు ఇష్టమైన భాగానికి వస్తాను.

ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊరిలో లావే-లాంజెవాన్ సంస్థ ఉంది. 1967లో ఫ్రాన్సు, జర్మనీ కలిసి స్థాపించాయి. అంతకు ఇరవై రెండేళ్ళ ముందు ఆ రెండు దేశాలూ ఒకదానితో ఒకటి యుద్ధంలో ఉన్నాయని గుర్తుంచుకోండి. 1973లో బ్రిటన్ చేరింది. మిగతా చిన్న దేశాలు సభ్యత్వ రుసుము కట్టి చేరుతుంటాయి. అక్కడి 58 మెగావాట్ల రియాక్టర్ చుట్టూ పలు పరికరాలు అమర్చి ఉన్నాయి. వంటింట్లో ఒకే పొయ్యి, చుట్టూ పలువురు వంటవాళ్ళు అన్నమాట. ఎవరి దేశం ఎంత కడుతుందో దానికి తగినట్టు ఆ దేశపు శాస్త్రవేత్తలకు రోజులు దక్కుతాయి.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలో ఐసిస్ అనే న్యూట్రాన్ కేంద్రం ఉంది. 1984 డిసెంబరులో అక్కడ మొదటి న్యూట్రాన్లు పుట్టాయి. ఇది రియాక్టర్ కాదు. ప్రోటాన్లను చాలా వేగంగా తిప్పి టంగ్‌స్టన్ దిమ్మకేసి కొడతారు. ఒక్కొక్క ప్రోటాన్ దెబ్బకు పదికి పైగా న్యూట్రాన్లు రాలుతాయి. స్విచ్చి ఆపితే న్యూట్రాన్లు ఆగిపోతాయి. యంత్రం బ్రిటిషువారిదే అయినా ఇటలీ తన ఖర్చుతో అక్కడ ఒక పరికరాన్ని పెట్టుకుంది. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ కూడా నానో మిషన్ ద్వారా, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ నిర్వహణలో, అక్కడ మనవారికి వంతు కల్పించే ఒప్పందం చేసుకుంది. బెంగళూరు మనకు ఎంత దూరం? మన మామిడికాయల లారీలు రోజూ పోయే దూరమే.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో 13 యూరప్ దేశాలు కలిసి ఇంకా పెద్ద న్యూట్రాన్ కేంద్రాన్ని 2014నుంచి కడుతున్నాయి. దాని లెక్కల పద్ధతి ఆసక్తికరమైనది. సభ్యదేశం తన వాటా అంతా రొక్కంగా ఇవ్వనక్కరలేదు, ఎక్కువ భాగం వస్తువుగా ఇవ్వవచ్చు. ఒక దేశం అయస్కాంతాలు చేసి ఇస్తుంది, ఇంకొకటి డిటెక్టర్లు. ఆ వస్తువుకు ఖాతాలో ఎంత విలువ కట్టాలో ముందే నిర్ణయించి రాసుకుంటారు. తీరా చేసేటప్పుడు ఖర్చు పెరిగితే ఆ భారం చేసిన దేశానిదే. పెళ్ళికి తలా ఒక సామాను ఒప్పుకున్నట్టే. బియ్యం ధర పెరిగిందని మేనమామ తిరిగి డబ్బు అడగడు గదా.

ఇలా వస్తురూపంగా వాటా ఇచ్చే పద్ధతిలో మన తెలుగువారి ఊరి పేరు కూడా ఉంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఫెయిర్ అనే పెద్ద యాక్సిలరేటర్ కేంద్రం కడుతున్నారు. ఇది న్యూట్రాన్ కేంద్రం కాదు కాని లెక్క ఒక్కటే. 2010లో సంతకం చేసిన తొమ్మిది దేశాల్లో మనదీ ఒకటి. మన వాటాలో భాగంగా అయస్కాంతాలకు కరెంటును ఏమాత్రం హెచ్చుతగ్గులు లేకుండా అందించే పవర్ కన్వర్టర్లను హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ తయారుచేసి జర్మనీకి పంపింది. ఇలాంటి సామాను చేసినవారు అందరూ పీహెచ్‌డీలు కారు. డిప్లొమా, ఐటీఐ చదివినవారి చేతులు కూడా వాటిమీద పడ్డాయి.

సరే, వంతు ఎలా వస్తుంది? ఇదే ఆ తల్లి అడిగిన ప్రశ్నకు అసలు జవాబు. పరికరం ముందు గడిపే రోజులను బీమ్‌టైమ్ అంటారు. దానికి దరఖాస్తు పెట్టాలి. రెండు మూడు పేజీల కాగితం. ఏ పదార్థాన్ని చూడదలచాను, ఏం తెలియక చూస్తున్నాను, న్యూట్రాన్లే ఎందుకు కావాలి, ఎన్ని రోజులు కావాలి అని రాయాలి. నిపుణుల సంఘం చదివి మార్కులు వేస్తుంది. ఉన్న రోజులకంటే దరఖాస్తులు ఎప్పుడూ ఎక్కువే, చాలా తిరిగివస్తాయి. తిరిగివచ్చినవాటిని దిద్ది మళ్ళీ పంపుతారు. ఫలితాన్ని అందరూ చదువుకునేలా ప్రచురించేవారు యంత్రం వాడినందుకు రుసుము కట్టనక్కరలేదు. ఫలితాన్ని తమవద్దే దాచుకోదలచిన కంపెనీలు మాత్రం డబ్బు కట్టి వాడుకుంటాయి. నేను చూసిన ఖాతాల్లో ఇంత ధర్మమైన నిబంధన ఎక్కడా చూడలేదు.

చీటీ పాటలో ఎక్కువ తగ్గించి పాడినవాడికి డబ్బు పోతుంది. ఇక్కడ మంచి ప్రశ్న వేసినవాడికి రోజులు దక్కుతాయి. దరఖాస్తులో మీ నాన్న ఏం చేస్తాడని ఎవరూ అడగరు.

మన ఉక్కు, వారి న్యూట్రాన్లు

ఈ యంత్రాలతో మనకు సంబంధించిన పని ఏదైనా జరిగిందా అంటే ఒకటి చెబుతాను. లండన్‌లోని వాలెస్ కలెక్షన్ మ్యూజియంలో సుమారు రెండు వందల ఏళ్ళనాటి భారతీయ ఖడ్గం ఒకటి ఉంది. దాన్ని ఇటలీ, బ్రిటన్ పరిశోధకులు కలిసి ఐసిస్‌లో న్యూట్రాన్లతో పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. న్యూట్రాన్లకు కత్తిని కోయనక్కరలేదు, గీరనక్కరలేదు. లోపలి ఉక్కులో కర్బనం కనీసం ఒక శాతం ఉందని, అది ఊట్జ్ రకం ఉక్కని, అలంకారానికి కాక యుద్ధానికే చేసిన నాణ్యమైన కత్తి అయివుండవచ్చని తేల్చారు.

ఊట్జ్ అనే మాట మన ఉక్కునుంచే వచ్చిందని పండితులు చెబుతారు. కన్నడంవారు తమదంటారు, అక్కడా ఉక్కే. తమిళంలో ఉరుక్కు. ఎవరిదైనా దక్షిణాదిదే, తగువెందుకు! నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు ముద్దలు చేసేవారు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. సేలం ప్రాంతపు ఉక్కు కూడా అంతే పేరుపొందినది. 2004 దాకా మన జిల్లాలోనే ఉండి, ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో ఉన్న మయిలాడుంపారై తవ్వకాల్లో దొరికిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022 మేలో తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. ఆ కాలాన్ని నిర్ణయించింది కార్బన్-14 పద్ధతి. ఆ కార్బన్-14 ఎలా పుడుతుందో తెలుసా? ఆకాశంలో పైపొరల్లో న్యూట్రాన్లు నైట్రోజన్‌ను తాకినప్పుడు. ఇక్కడా న్యూట్రానే.

కాబట్టి న్యూట్రాన్లు ఫిజిక్సువారి సొత్తు మాత్రమే కాదు. కెమిస్ట్రీ, బయాలజీ, మెటలర్జీ, పురావస్తుశాస్త్రం చదివినవారు కూడా బీమ్‌టైమ్ అడుగుతారు.

కల్పాక్కం

అన్నీ ఫారిన్లో లేవు. చెన్నై దగ్గర కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో కామిని అనే చిన్న రియాక్టర్ ఉంది. 1996 అక్టోబరులో మొదలైంది. శక్తి 30 కిలోవాట్లు మాత్రమే. థోరియం నుంచి తీసిన యురేనియం-233 దాని ఇంధనం. రాకెట్‌లో ఒక దశ నుంచి మరొక దశ విడిపోవడానికి చిన్న చిన్న మందుగుండు గొట్టాలు వాడతారు. లోహపు తొడుగు లోపల మందు సరిగా నిండిందో లేదో ఎక్స్‌రే చెప్పలేదు, దానికి లోహమే కనిపిస్తుంది. మందులో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి న్యూట్రాన్ చిత్రంలో అది స్పష్టంగా తెలుస్తుంది. ఇస్రోవారి అటువంటి గొట్టాలను కామినిలో పరీక్షించారు.

అక్కడ పనిచేసేవారికి ప్రమాదం కదా అని తల్లులు అడుగుతారు. రియాక్టర్ చుట్టూ మందపాటి కాంక్రీటు గోడలుంటాయి, పరికరం నడిచేటప్పుడు మనుషులు దాని కిరణమార్గంలో ఉండరు, ప్రతి ఒక్కరూ ఎంత వికిరణం సోకిందో కొలిచే బిళ్ళ ధరించాలి, దాని లెక్క రాసిపెడతారు.

ఇక దారి సంగతి

విశ్వవిద్యాలయాల్లోని వారికి ధ్రువ వంటి అణుశక్తి శాఖ యంత్రాలు అందుబాటులో ఉంచడానికే ఒక సంస్థ పనిచేస్తోంది. దాని పేరు యూజీసీ-డీఏఈ కన్సార్షియం. ముఖ్య కార్యాలయం ఇండోర్‌లో, కేంద్రాలు ముంబయి, కోల్‌కతాలో, ఒక శాఖ కల్పాక్కంలో. కాలేజీ లెక్చరర్లు, వారి దగ్గర పరిశోధన చేసే విద్యార్థులు దీని ద్వారా ప్రాజెక్టులకు దరఖాస్తు చేయవచ్చు. సేలం పెరియార్ విశ్వవిద్యాలయంలో, మన ఆర్ట్స్ కాలేజీలో చదివే పిల్లలు తమ ప్రొఫెసర్లను ఈ సంస్థ గురించి అడగండి. అడగడానికి రుసుము లేదు.

ప్లస్ టూ చదివేవారికి: సైన్సే చదవాలనుకుంటే తిరుపతిలోనూ, తిరువనంతపురంలోనూ ఐసర్ సంస్థలు ఉన్నాయి, వాటికి ప్రవేశపరీక్ష వేరే. భువనేశ్వర్‌లోని నైసర్‌కు, ముంబయిలోని దాని తోటి సంస్థకు నెస్ట్ పరీక్ష. బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి బి.యస్సీ. చేరినవారికి కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలుగా ప్రకటించారు. నియమాలు మారుతుంటాయి, ఆ ఏటి ప్రకటన చూసుకోండి.

బి.యస్సీ. వారికి: ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఉంది. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. తల్లిదండ్రులు ఈ అంకెను గమనించాలి. పరిశోధన విద్యార్థి అంటే ఇంటికి భారమన్న అభిప్రాయం మనలో ఇంకా ఉంది. ఆ అమ్మాయి తల్లికి కూడా ముందుగా ఈ అంకె కాగితం మీద రాసి ఇచ్చాను.

డిప్లొమా, ఐటీఐ వారికి: బాబా అణు పరిశోధన కేంద్రం, కల్పాక్కం కేంద్రం స్టైపెండరీ ట్రైనీలను తీసుకుంటాయి. డిప్లొమా, బి.యస్సీ. వారికి మొదటి విభాగం, ఐటీఐ, ప్లస్ టూ వారికి రెండో విభాగం. ఫిట్టర్, మెషినిస్టు, ఎలక్ట్రానిక్స్ వంటి పనులు. న్యూట్రాన్ పరికరం కట్టాలంటే వెంట్రుకవాసి తేడా లేకుండా లోహం చెక్కగలవాడు, గాలి చొరకుండా గొట్టం అతకగలవాడు కావాలి. మా కామర్స్‌వారికీ పని లేకపోలేదు. దేశాలు ఇచ్చిపుచ్చుకునే సామానుకు విలువ కట్టడం, కస్టమ్స్ కాగితాలు చూడడం అన్నీ ఎవరో ఒకరు చేయవలసినవే.

ఒక అభ్యాసం ఇస్తున్నాను. మన జిల్లాలో దొరికే ఏదైనా ఒక పదార్థం తీసుకోండి. పట్టుదారం కావచ్చు, చింతగింజ పొడి కావచ్చు, పొలంలో దొరికిన పాత ఇనుప చిట్టెం కావచ్చు. దాని లోపల మీకు తెలియనిది ఏమిటి, దాన్ని న్యూట్రాన్లతోనే ఎందుకు చూడాలి అని ఒక పేజీ రాయండి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఏదైనా ఫరవాలేదు. స్కాలర్‌షిప్ రెన్యువల్ ఫారంతోపాటు జతచేసి ఇవ్వండి, ఫిజిక్సు తెలిసిన మాస్టారు ఒకరిచేత దిద్దించి తిరిగి ఇస్తాము. కాగితానికి ఒకవైపే రాయండి. పేరు, తరగతి, ఊరు పైన కుడివైపు రాయండి.